పక్క బల్ల మనిషి

శృతి టీ తాగి వచ్చేలోపు కంప్యూటర్ ముందు మళ్లీ గఫూర్ తిష్ట వేశాడు.

ఆమెకు ఒళ్లు మండింది.

"గఫూర్ భాయ్, జర లేస్తరా? నాకు అర్జంట్ పనుంది."

"రెండే నిమిషాలు బేటా."

"పొద్దటి సంది గవే రెండు నిమిషాలు."

మేడ్చల్‌లోని ఆ విత్తనాల కంపెనీలో పాత మెయిళ్లు వెతికే సాఫ్ట్‌వేర్ ఒక్క కంప్యూటర్‌లోనే ఉంది. అందరికీ కలిపి ఒకటే పాస్‌వర్డ్. గఫూర్ పదిహేను రోజుల కింద ఎక్కడి నుంచో బదిలీ మీద వచ్చాడు. ఎక్కడి నుంచని శృతి అడగలేదు. యాభై దాటిన ఆ మనిషి ఒక్క వేలితో ఒక్కో అక్షరాన్నీ వెతుక్కుని కొడుతుంటే, పక్క బల్ల దగ్గర కూర్చుని చూసే ఓపిక ఎవరికి మాత్రం ఉంటుంది?

పైగా ఆమె ఉద్యోగం దినగండంగా ఉంది.

శామీర్‌పేట వైపు రైతులకు అమ్మిన మొక్కజొన్న విత్తనాలు మొలకెత్తలేదు. కంపెనీలో మొలక పరీక్ష చేసేది శృతి. అందుకని నేరం ఆమె నెత్తికి చుట్టారు.

"ఆ సరుకు పనికిరాదని మే నెలల్నే శామీర్‌పేట గోడౌన్‌కు మెయిల్ పెట్టిన సార్," అని మేనేజర్ జనార్ధన్‌కు పదిసార్లు చెప్పింది.

"గోడౌన్ల అడిగినమమ్మా. అసొంటి మెయిలే రాలేదని రాసిచ్చిండ్రు. రేపు పెద్దసార్లు వస్తుండ్రు. మెయిలన్న చూపియ్యి, లేకుంటె రాజీనామా అన్న రాసియ్యి," అన్నాడు జనార్ధన్.

మొలక పరీక్ష అని వెతికితే మూడు వేల మెయిళ్లు వచ్చాయి. మొక్కజొన్న అని వెతికితే ఇంకా ఎక్కువ వచ్చాయి. తన పేరుతో వచ్చినవాటిలో మొలక పరీక్ష అని పైన రాసి ఉన్నవే తెరిచి చూసింది. లాట్ నంబరు కొడితే ఆమె పంపింది ఒక్కటీ రాలేదు. మూడు రోజులుగా ఇదే తంతు.

గఫూర్ ఎట్టకేలకు లేచాడు. శృతి విసురుగా కూర్చుంది.

తెర పక్కన రీసెంట్ యాక్టివిటీ అని ఒక జాబితా ఉంటుంది. ఏం వెతికారో, ఏ మెయిల్ తెరిచారో అందులో వరుసగా పడుతుంది. అన్నాళ్లూ ఆమె దాని వంక చూడలేదు. ఇవాళ తన పేరే కనబడింది.

బతుకమ్మ సెలవు. శృతి. మే నెల, శృతి. శృతి. శృతి.

రెండు రోజుల్లో నలభై సార్లు.

"ఏంది గఫూర్ భాయ్ ఇది? నా మెయిళ్లు మీరెందుకు తెరుస్తుండ్రు?"

గఫూర్ తల వంచుకున్నాడు.

"నీకు కావాల్సిందే ఎతుకుతున్న బేటా."

"నాకేం కావాల్నో మీకెట్ల తెలుసు?"

ఆమె జవాబు కోసం ఆగలేదు.

శృతి తిన్నగా జనార్ధన్ గదిలోకి వెళ్లింది. అసలే పరేషాన్‌లో ఉన్న జనార్ధన్ చిరాకుగా బయటికి వచ్చాడు.

"ఆడపిల్ల మెయిళ్లల్ల నీకేం పనయ్యా?"

"ఏం చెప్పమంటరు సార్," అన్నాడు గఫూర్.

"ఏం జెప్పకు. ఇంటికి పో. మళ్ల పిలిచేదాక రాకు."

గఫూర్ టిఫిన్ డబ్బా తీసుకుని మెట్లు దిగిపోయాడు.

"నువ్వు ఫిర్యాదు రాసియ్యమ్మా. గా లిస్టు గూడ ప్రింట్ తీసి పెట్టు," అన్నాడు జనార్ధన్.

ఆ పని మటుకు శృతి హుషారుగా మొదలుపెట్టింది. అతగాడు ఏమేం చదివాడో ఒక్కొక్కటీ తెరిచి చూపించాలనుకుంది. జాబితాలో అన్నిటికన్నా పైనున్నది బతుకమ్మ సెలవు. పనీపాటా లేనట్టుంది, జూలైలో బతుకమ్మ సెలవేమిటి అని సణుక్కుంటూ నొక్కింది.

తెర మీద తన మెయిలే ఉంది.

ఆ రోజు హడావుడిలో ఆమె కొత్త మెయిల్ మొదలుపెట్టలేదు. గోడౌన్ నుంచి వచ్చిన పాత మెయిల్ ఏదో తెరిచి, దానికే జవాబుగా రాసి పంపేసింది. అది కిందటేటి బతుకమ్మ సెలవు మెయిల్. పైన సబ్జెక్ట్ అట్లాగే ఉండిపోయింది.

లోపల మాత్రం రెండే రెండు వాక్యాలున్నాయి. "ఈ సరుకు పనికిరాదు. రైతులకు ఇవ్వకండి." లాట్ నంబరున్న పరీక్ష కాగితం అటాచ్‌మెంట్‌లో ఉంది. సాఫ్ట్‌వేర్ అటాచ్‌మెంట్ల లోపల వెతకదు.

తేదీ మే పన్నెండు.

శృతికి ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. పెద్ద మనిషిని ఎంతెంత మాటలన్నానని సిగ్గేసింది. లేచి గేటు దాకా పరిగెత్తింది.

"గఫూర్ భాయ్ ఏడి?" అని వాచ్‌మన్ సిద్దయ్యను అడిగింది.

"గిప్పుడే బస్సెక్కె గదమ్మా. ఇగ రానేమో అన్నడు."

శృతి ఆ మెయిల్ ప్రింట్ తీసి జనార్ధన్ ముందు పెట్టింది.

"దొరికింది సార్. గఫూర్ భాయే దొరికిచ్చిండు. ఆయన ఫోన్ నంబరియ్యండి, మాఫీ అడుగుత."

జనార్ధన్ రెండుసార్లు చదివాడు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది సెలవు మెయిల్ల ఉందని ఆయనకెట్ల తెలిసింది సార్? పంపిన నాకే యాదికి లేకపాయె."

జనార్ధన్ ఆ కాగితాన్ని ఆమె వైపు జరిపాడు.

"ఈడికి రాకముందు, మే నెలల శామీర్‌పేట గోడౌన్ల మెయిళ్లు చూసింది గఫూరేనమ్మా," అన్నాడు. "అసొంటిది రాలేదని నాకు రాసిచ్చింది గూడ ఆయనే."