పొట్టిదాని మోకాలు

మా కుక్క పొట్టిదానికి మోకాట్లో నరం తెగితే ఆపరేషన్ చేయించి మూడు నెలలైంది. ఇంకా కుంటుతూనే ఉందని, ఆ కాలు ఇక పోయినట్టేనేమోనని నాకు కంటి మీద కునుకు లేదు.

నేనూ నా కొడుకూ దాన్ని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరమ్మ కాలు పట్టి చూసి, "పెద్దమ్మా, ఒక్క నిమిషం బయట నిలబడండి" అంది.

తలుపు సందులోంచి చూద్దును కదా, పొట్టిది గదంతా గుర్రంలా తిరుగుతోంది. నేను లోపలికి రాగానే కాలెత్తి మూలిగింది.

"కాలు లక్షణంగా ఉంది. మీ ముద్దు కోసమే ఈ వేషాలన్నీ" అని డాక్టరమ్మ నవ్వేసింది.

"ఎంత నటన నేర్చావే దొంగమొహమా" అని నా కొడుకు పడీపడీ నవ్వాడు.

నాకు గాల్లో తేలినట్టుంది. దాన్ని ఒక్క మాటా అననివ్వలేదు.

బయట మెట్ల దగ్గర వాడు చెయ్యందించాడు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు మేడ మెట్లు గబగబా ఎక్కేసే నేను, వాడి చెయ్యి పట్టుకుని అబ్బా అబ్బా అంటూ ఒక్కో మెట్టే దిగాను.