పది పేర్లు

"వేలిముద్ర వేస్తే మా ఇంటికి ఎవురన్నా వస్తారా?" అంజినమ్మ అడిగింది.

హోసూరు దగ్గరి జూజువాడి చెక్‌పోస్టు పక్కన ఆమెది టీ అంగడి. లారీవాళ్ళకు గ్లాసులు అందిస్తూనే మాట్లాడుతోంది. మనవరాలు సహన లోపల బెంచీ మీద కూర్చుని బొమ్మలు గీసుకుంటోంది. ఏడేళ్ళు. చక్కెర జబ్బు.

ఈ ప్రశ్నకు సుగంధి అబద్ధం చెప్పలేదు. "వస్తారవ్వా. తాలూకా ఆఫీసోళ్ళు వచ్చి విచారిస్తారు. బిడ్డకు నిజంగా జబ్బుందా అని చుట్టుపక్కల కూడా అడుగుతారు."

"అంటే వీధంతా టముకు వేసినట్టే."

"అది కాదవ్వా..."

"ఆడబిడ్డ తల్లీ ఇది. షుగరుండే పిల్లని తెలిస్తే రేపు మా గడప ఎవుడు తొక్కుతాడు?"

సుగంధి గోడ గడియారం చూసింది. పదిన్నర. ఒంటిగంటలోపల కృష్ణగిరి కలెక్టరాఫీసులో సంతకాల కాగితం ఇవ్వాలి.

సర్కారు ఆరోగ్య కార్డు ఆపరేషన్లకు పనికొస్తుంది. చిన్నపిల్లలకు రోజూ నాలుగు పూటలు వేయాల్సిన ఇన్సులిన్ సూదికి పనికిరాదు. ఆ జబ్బు లిస్టులోనే లేదు. చేర్చమని అడగబోతే కలెక్టరాఫీసు గుమాస్తా మోహన్‌రాజ్ ఒకటే మాట చెప్పాడు.

"ఒక బిడ్డ కోసం లిస్టు మార్చరమ్మా. పదిమంది బిడ్డల పేర్లు, వాళ్ళ పెద్దోళ్ళ సంతకాలు పట్టుకురా. మూడు వారాలుంది. మూడో సోమవారం ఒంటిగంట దాటిందంటే మళ్ళీ వచ్చే ఏడే."

వచ్చే ఏడు దాకా ఆగే శక్తి రశ్మి ఒంట్లో లేదు. రశ్మి సుగంధి కూతురు. ఆరేళ్ళు. మందు చాలక సూదిలో కొంచెం కొంచెం తగ్గిస్తూ వస్తే, పోయిన నెల బడిలో కుప్పకూలింది. ఎండదెబ్బ అన్నారు టీచరు. సుగంధి తల ఊపి, బిడ్డను భుజాన వేసుకుని వచ్చేసింది.

ఎనిమిదో తరగతితో చదువు మానేసిన సుగంధి, మోహన్‌రాజ్ చెప్పిన రోజే రూళ్ళ కాగితం కొని నంబర్లు వేసుకుంది. కుట్టుపని నేర్చుకుంటున్నానని అత్తకు చెప్పి రోజూ రాయకోటలో హోసూరు బస్సెక్కింది. ఆసుపత్రిలో షుగరు పరీక్షకు నిలబడే ముసలివాళ్ళ వరసలో చిన్నపిల్ల కనబడితే చాలు, వాళ్ళ ఇంటిదాకా వెంటపడేది. వాకిట్లోంచే పంపేసినవాళ్ళున్నారు. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, మా బిడ్డకు అట్లాంటిదేమీ లేదే అన్నవాళ్ళూ ఉన్నారు.

అంజినమ్మ గ్లాసు కడిగి బోర్లించింది.

"ఊళ్ళో అందరికీ చెప్తాండావు సరే. నీ బిడ్డ పేరు రాసినావా?"

సుగంధి కాగితం తీసింది. పైన బొటనవేలు అదిమి పట్టుకుని చూపించింది.

"ఈడ చూడవ్వా, నా వేలు కింద. ఒకటో నంబరు మా రశ్మిదే."

అంజినమ్మకు చదువు రాదు. వేలు చూసింది. తర్వాత సుగంధి ముఖం చూసింది.

"కన్నతల్లివి నువ్వే రాసినంక నాదేముంది. తే ఇట్లా."

సుగంధి పట్టుకున్న సిరా డబ్బాలో అంజినమ్మ వేలు అద్ది కాగితం మీద నొక్కింది. అక్కడికి బయటివాళ్ళవే పది సంతకాలు.

కృష్ణగిరిలో బస్సు దిగేసరికి పన్నెండున్నర. ఆఫీసు గేటు దగ్గర ఫోను మోగింది. మత్తూరు సెల్వి. నాలుగు రోజుల కిందట సంతకం పెట్టిన మనిషి.

"అక్కా, మా బిడ్డ పేరు కొట్టేయక్కా. మా ఆయనకు తెలిసిపోయింది. అన్నం తట్ట ఇసిరి కొట్టినాడు."

"సెల్వీ, నేను గేటు కాడుండానే. ఇంకొక్క అరగంట ఓర్చుకో."

"నీకు దండం పెడతానక్కా. కొట్టేసినానని చెప్పు, ఆయన పక్కనే ఉండాడు."

ఫోను కట్టయింది. కొట్టేయకపోతే సెల్వికి ఎట్లా తెలుస్తుంది? సుగంధి కాగితం, పెన్ను బయటికి తీసింది. ఆ భయం ఎట్లాంటిదో ఆమెకు ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. గీత పెట్టి కొట్టేసింది.

మోహన్‌రాజ్ పెన్ను మొనతో సంతకాలు లెక్కపెట్టాడు.

"తొమ్మిది."

"పది సార్. ఒకామె ఇప్పుడే..."

"కొట్టేసింది లెక్కకు రాదమ్మా. తొమ్మిది పేర్లతో పైకి పంపితే అట్లే తిప్పి పంపిస్తారు. నా పనికి నష్టం లేదు, నువ్వే వచ్చే ఏడు దాకా కాచుకోవాల."

"ఒక్క పేరే కదా సార్ తక్కువ."

"ఆ ఒక్కటి తెచ్చుకో. ఎనిమిది నిమిషాలుంది. బయట ఇంత జనం ఉండారే, అడిగి చూడు."

"షుగరు బిడ్డలు మీ క్యాంటీన్‌లో దొరుకుతారా సార్?"

పక్క సీటాయన నవ్వాడు. మోహన్‌రాజ్ నవ్వలేదు. అప్పటిదాకా వచ్చిన కాగితాలన్నీ సర్ది అట్టల మధ్య పెట్టాడు.

సుగంధి చేతిలో ఫోను మళ్ళీ అదిరింది. అత్త. కుట్టు క్లాసు పదకొండుకే అయిపోతుందని ఆమెకు తెలుసు. సుగంధి ఎత్తలేదు. మోగి మోగి ఆగింది. బొటనవేలికి అంజినమ్మ సిరా ఇంకా అంటుకునే ఉంది. చీర కొంగుకు తుడుచుకుంది. పోలేదు.

మోహన్‌రాజ్ ఫైలుకు తాడు చుట్టడం మొదలుపెట్టాడు.

"ఉండండి సార్," అంది. "ఆ కాగితం ఒక్కసారి ఇట్లియ్యండి."

"ఎవురన్నా దొరికినారా?"

సుగంధి కాగితం బల్ల మీద పరిచింది. పొద్దున బొటనవేలి కింద దాచి అంజినమ్మకు చూపించిన ఒకటో నంబరు ఎదుట, మూడు వారాలుగా ఖాళీగా వదిలేసిన గీత మీద, తన కూతురి పేరు రాసింది.