కడిగిన పెంకులు

ప్రాచీన మాయా నాగరికత తవ్వకాల్లో ఓ సమాధి నుంచి ఇర్వింగ్‌లోని పురావస్తు ల్యాబ్‌కి వచ్చిన కుండపెంకులవి. వాలంటీర్‌గా వాటిని కడుగుతున్న ఇందుజ ఈ వేసవిలో పోయింది. మిగిలినవి తానే పూర్తి చేస్తానని స్కూల్ టీచరైన తల్లి సుచరిత పట్టుబట్టింది.

చీకటి పడ్డాక ఆఖరి పెంకు ఆరబెట్టింది.

"ఇంట్లో గిన్నెలు కూడా ఇంతలా తోమరు, టీచర్‌గారూ! పదండి, లాక్ చేస్తాను," అన్నాడు ల్యాబ్ చూసుకునే రాధాకృష్ణ.

లైటార్పి, అలవాటుకొద్దీ "వెళ్ళొస్తాను" అంది సుచరిత. వెంటనే నాలిక కరుచుకుంది. మళ్ళీ వస్తానని చావు ఛాయ ఉన్నచోట అనకూడదు; ఇవి సమాధి పెంకులు. కూతురి అంత్యక్రియల్లో కూడా అనకుండానే వచ్చేసింది.

లోపల, చీకట్లో, పెంకు మీద బ్రష్ రుద్దుతున్న చప్పుడు మొదలైంది.

రాధాకృష్ణ చేతిలో తాళం ఆగిపోయింది. "లోపల ఎవరూ లేరండీ..."

"మీరు వెళ్ళండి," అంది సుచరిత.

కుర్తా చేతులు పైకి మడుచుకుని, లైటు వేయకుండానే లోపలికి నడిచింది.