పెద్ద ఫోన్లకు మాత్రమే

“నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయినట్టయింది తల్లీ నీ వ్యవహారం!” ఏసమ్మ తన ఫోన్‌ను హారతి చేతిలో పెట్టేసి అరుగు మీద కూలబడింది.

ఆవిడ వెనకే వీధిలోని లేసు అల్లే ఆడవాళ్ళంతా వచ్చారు. అందరి చేతుల్లోనూ ఫోన్లే. ఇంట్లో పిల్లలు వాడి పక్కన పడేసినవి, రొంటిన దోపుకుంటే ఉన్నట్టు కూడా తెలియనంత చిన్నవి. హారతి ఏసమ్మ ఫోన్‌లోకి చూసింది. తను ఏడాదిగా తిండీ నిద్రా మానుకుని తయారుచేసిన యాప్‌ను స్టోర్‌లోంచి దింపుకోబోతే, ‘ఈ యాప్ మీ ఫోన్‌కు సరిపోదు’ అని వస్తోంది. ఇంకొకరి ఫోన్ తీసుకుంది. అందులోనూ అదే మాట.

“నిన్న యాప్ రాగానే నాకు చెప్పొచ్చు కదా పిన్నిగారూ!”

“చెబుదామంటే నువ్వు ఫోనెత్తితేగా? రాజమండ్రిలో మీటింగాయె!” వీరవేణి ముందుకొచ్చింది. వీధిలో ఎవరికి అన్యాయం జరిగినా మొదట లేచే గొంతు ఆమెదే. “ఢిల్లీ కొట్టువాళ్ళు ఆర్డరిస్తున్నారన్నావు. ఎవరి అల్లిక వాళ్ళు ఫొటో తీసి యాప్‌లో పెడితే చాలన్నావు. మధ్యలో షావుకార్లు ఉండరన్నావు. ఇప్పుడేమైంది? అరచేయంత ఫోన్లున్న మేమంతా బయట నిలబడితే, పళ్ళెమంత ఫోన్లున్న షావుకార్లు లోపలికి దూరి ఆర్డరంతా పట్టుకుపోయారు. ఈ ఉదయంతో అయిపోయిందంట. వాళ్ళ దగ్గర ఎంత తిన్నావేంటి?”

“పిన్నీ! అంత మాటనకు.” హారతి ఆమె చేయి పట్టుకోబోయింది. చిన్నప్పుడు ఈ చేతులే తన గౌనుకి లేసు కుట్టి పెట్టాయి. ఆ చేతులే ఇప్పుడు తన వైపు వేలు చూపిస్తున్నాయి.

అరుగు చివర ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న సత్యప్రసాద్ తలెత్తలేదు. అతనిది తణుకు. హారతితో కలిసి చదివాడు, యాప్ పనిలో సగం అతనిదే. ఏ యాప్ అయినా స్టోర్‌కు పంపేముందు అది ఏ సైజు తెరలకు సరిపోతుందో అందులో రాసిపెట్టాలి. చిన్న తెరలకు కాదని రాస్తే, చిన్న ఫోన్లవాళ్ళను స్టోరే గుమ్మం బయట ఆపేస్తుంది. ఆ పని సత్యప్రసాద్ చూసుకున్నాడు. అతను చేసినదాన్ని ఇంకోసారి చూసుకోవాలని హారతికి ఏనాడూ అనిపించలేదు.

ఇప్పుడు ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుని చూసింది. చిన్న తెరలు, కాదు. పెద్ద తెరలు, అవును.

“ఇది నువ్వే రాశావా?”

“నేనే.”

“పొరపాటునా, తెలిసేనా?”

“తెలిసే. చిన్న తెర మీద లేసు ఫొటోలు సరిగ్గా రావడం లేదు. అది బాగుచేస్తూ కూర్చుంటే ఆర్డరు టైముకి యాప్ వచ్చేది కాదు. చిన్న ఫోన్లు ఇక్కడెవరూ వాడరనుకున్నాను.”

“అనుకున్నావా! ఇంతమంది జీవితం నీ అనుకోవడం మీద పెట్టావా? ఎవరు చెప్పారు నీకు, ఎవరూ వాడరని?”

సత్యప్రసాద్ ఏదో చెప్పబోయాడు. ఆగాడు. “ఎవరూ చెప్పలేదు. తప్పు నాదే” అన్నాడు.

“తప్పు కాదు, అమ్ముడుపోవడం! ఇదే అరుగు మీద కూర్చుని మా అమ్మ చేతి వంట తిన్నావు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టావు కదూ?”

కాఫీ గ్లాసుల పళ్ళెంతో సూర్యకళ బయటికొచ్చింది. కూతురి యాప్ గురించి నరసాపురం రేవు దాకా చెప్పుకు తిరిగిన తల్లి. “ఊరుకోవే, కుర్రాడు. తెలీక చేసుంటాడు” అని సర్దిచెప్పబోయింది.

“నువ్వు అడ్డు రాకమ్మా. ఇక ఇతని మొహం చూడను.”

సత్యప్రసాద్ బ్యాగు సర్దుకున్నాడు. మెట్లు దిగేముందు సూర్యకళకు నమస్కారం పెట్టి మరీ వెళ్ళాడు. చేసిందంతా చేసి మళ్ళీ మర్యాదొకటి అనుకుంది హారతి, పళ్ళు కొరుకుతూ.

“అతన్ని పంపించేస్తే మా ఆర్డరు తిరిగొస్తుందా?” అంది వీరవేణి. “ఇంకోసారి యాపూ గీపూ అంటూ మా గడపలోకి రాకమ్మా. మాకు పాత పద్ధతే మేలు. సూర్యకళక్కగారూ, దారం ఉండలుంటే ఇప్పించండి. అల్లి మీకే తెచ్చిస్తాం, షావుకార్లకు మీరే చేర్చండి ఎప్పట్లాగే.”

సూర్యకళ లోపలికెళ్ళి దారం ఉండల బుట్ట తెచ్చింది. ఒక్కొక్కరూ తీసుకుని వెళ్ళిపోయారు. ఏసమ్మ కూడా హారతి వంక చూడకుండానే వెళ్ళింది.

అరుగు ఖాళీ అయ్యాక హారతికి ఏడుపు ఆగలేదు. ఆర్డరు పోయింది సరే, ఇంకోటి తెచ్చుకోవచ్చు. పక్కన కూర్చుని పనిచేసినవాడే వెన్నుపోటు పొడిచాడు. వీధి వీధంతా తనను దొంగని చూసినట్టు చూసింది. రేపు ఎవరింటి ముందు నుంచి తలెత్తుకు నడవాలి?

సూర్యకళ పక్కన కూర్చుని కూతురి తల ఒళ్ళోకి తీసుకుంది. పైట చెంగుతో కళ్ళు తుడిచింది.

“వాడింత మోసం చేస్తాడనుకోలేదమ్మా” అంది హారతి వెక్కుతూ.

“పాపం అతన్నేమీ అనకే. ‘మీ వీధిలో వాళ్ళవి ఎలాంటి ఫోన్లండి’ అని నన్నడిగితే, అందరివీ పెద్దవే బాబూ అని చెప్పింది నేనే. ఆ యాపేదో అందరి చేతికీ వచ్చేస్తే, ఇక మన గుమ్మం ఎవరెక్కుతారే?”