మెట్ల మీద నవ్వు

గుమ్మంలో నిలబడతావేం, ఇలా వచ్చి నా పక్కన కూర్చో. అన్నం ఉడికేలోపు అయిపోయే కథే.

ఒక నాలుగంతస్తుల మేడ. పై వాటాలోకి ఒక పిల్ల కొత్తగా కాపురానికొచ్చింది. మొగుడు పొద్దున్నే పనికెళితే చీకటి పడితే గానీ రాడు. మాట్లాడే దిక్కు లేక గోడలకేసి చూస్తూ కూర్చునేది.

మధ్య వాటాలో బట్టలు కుట్టే ఒకావిడ ఉండేది. ఒంటరి మనిషి, పిన్ని వయసు. ఆవిడతో చెలిమి కలిస్తే చాలనుకుంది పిల్ల.

మెట్ల మీద ఎదురైనప్పుడు ఆగి మరీ నవ్వింది.

ఆవిడ నవ్వలేదు. మొహంలోకే చూసి, గోడ పట్టుకుని దిగిపోయింది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

"ఆవిడకి టెక్కమ్మా," అంది పక్క వాటా ఆవిడ. "నన్ను చూసీ నవ్వదు. ఆ మిషన్ మీద మూతి కూడా కుట్టేసుకున్నట్టుంది."

"సరిగ్గా కనపడదేమో అత్తయ్యా?"

"కనపడకేం? లైటు కింద కూర్చుని సూదిలో దారం ఒక్క గురిలో ఎక్కిస్తుంది. మనిషి మొహం సూది కన్నా చిన్నదా?"

నిజమేగా అనుకుంది పిల్ల. మనసు చివుక్కుమంది. ఆవిడ ఎదురైతే తనూ మొహం తిప్పుకోవడం మొదలెట్టింది.

మబ్బు పట్టిన ఒక మధ్యాహ్నం ఆవిడ ఆ మెట్ల మీదే పడిపోయింది. ఆసుపత్రిలో చేర్చారు.

"చూసొద్దామా?" అన్నాడు మొగుడు.

"నవ్వితే ముత్యాలు రాలతాయనుకునే మనిషి. నేనెళితే గుర్తుపడుతుందా?"

వెళ్ళలేదు. ఆ వారంలోనే ఆవిడ పోయింది.

కొన్నాళ్ళకి తలనొప్పి వస్తోందని పిల్ల కళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళింది. పరీక్ష చేసే అమ్మాయి గోడ మీద అక్షరాలు చదివించి, తర్వాత ట్యాబ్ ముందు పెట్టింది. అందులో అక్షరాలన్నీ ఒకే సైజు. మొదటివి నల్లగా, పోనుపోను ఉతికి ఉతికి వెలిసిన బట్టలా.

"ఇక్కడేం లేదుగా? ఖాళీ తెర చూపించి చదవమంటే ఎట్లా?"

"ఉందక్కా," నవ్విందా అమ్మాయి. "ఇంతవరకు కనపడితే మీకేం భయం లేదు. కంట్లో పొర మొదలైతే, కొందరికి నల్లక్షరాలన్నీ తెలుస్తాయి, దారం తెలుస్తుంది. మసక వెలుతురులో మెట్టు అంచు తెలీదు. ఎదురొచ్చిన మొహంలో కళ్ళూ మూతీ తెలీవు. అన్నీ ఒకే రంగులో కలిసిపోతాయి."

పిల్ల ఆ ఖాళీ తెరకేసే మళ్ళీ చూసింది.

"అన్నట్టు చీటీలో మీ అడ్రస్ చూశా, మీ మేడలోంచే ఒక పిన్ని వచ్చేది, బట్టలు కుడుతుంది. ఆపరేషన్‌కి రోజు కూడా చెప్పాం, రానేలేదు. ఊరెళ్ళిందా?"

"ఆవిడ ఎవర్ని చూసీ నవ్వదేం?" అంది పిల్ల.

"తెలిసినవాళ్ళే అనుకుని ఒకసారి పరాయి మగాణ్ణి చూసి నవ్విందట. వాడేదో వెకిలిగా అన్నాడట. అప్పట్నుంచి ఎవర్ని చూసీ నవ్వనంది. ఆపరేషన్ మాత్రం తొందరగా చెయ్యమని నా చేతులు పట్టుకుంది."

"కుట్టుపని కోసమా?" అడిగింది పిల్ల.

"కాదక్కా. 'మా పై వాటాలోకి ఒక పిల్లొచ్చిందట, పాపం రోజంతా ఒక్కతే ఉంటుందట. వెళ్దామంటే ఆ మెట్లెక్కాలంటే భయం. మెట్ల మీద నా ముందు ఎవరో ఆగుతుంటారు, ఆ పిల్లేనని ఒక్కసారి తెలిస్తే చాలు, ముందు నేనే నవ్వుతా' అంది."

ఈ మాట మనసులో పెట్టుకో నాన్నా. 'చూసి కూడా నవ్వలేదు' అని ఎవరైనా నీ దగ్గర నిష్ఠూరమాడితే, కూర్చోబెట్టి ఈ కథ చెప్పు.