రెండో బెల్టు

రెబెకా బెల్టు కట్టుకోకుండా మురుగు బావిలోకి దిగింది. తప్పు ఆమెదే. భర్త సమ్మయ్య ఆమెను క్షమించలేదు.

చర్చిలో పాస్టరు క్షమాపణ గురించి మొదలుపెడితే చాలు, లేచి బయటికొచ్చి చెప్పులు వేసుకునేవాడు.

ఆమె పోయాక ఆ ఊరు వదిలేశాడు. ఇప్పుడు ఈ చిన్న పట్టణంలో మురుగునీళ్ల పంపుహౌసుకు కాపలాదారు. వరసగా నాలుగు మాటలు మాట్లాడితే దగ్గు వస్తుంది. అందుకని రెండే మాట్లాడతాడు. రెబెకా గురించి ఇక్కడివాళ్లకు తెలిసింది కూడా అతను చెప్పిన ఆ ముక్కే.

"గీయన గుండె బండ," అనేది నవత. "సచ్చినామెను గూడ ఇడ్సిపెట్టడు."

నవత, ఆమె మొగుడు మల్లేష్ జైనూర్ వైపు నుంచి వచ్చి కొత్తగా పనిలో చేరారు.

ఆ పొద్దున పంపులో గుడ్డలు ఇరుక్కున్నాయి. మురుగు ఎగదన్ని బజారులోకి వస్తోంది. సూపర్‌వైజర్ వెంకటి బండి దిగుతూనే తొందరపెట్టాడు. మల్లేష్ బెల్టు కట్టుకున్నాడు. దాని తాడు నవత చేతికిచ్చాడు.

సమ్మయ్య వచ్చి బావి ఇనుప మూత మీద కూర్చున్నాడు.

"లే సమ్మన్నా. కౌన్సిలర్ ఫోన్ల మీద ఫోన్లు చేస్తుండు," అన్నాడు వెంకటి.

"రెండో బెల్టు తే."

"ఎవలికి?"

"నవతకు."

"దిగేది మల్లేషు. గామె తాడు పట్టుకోని పైన నిలబడ్తది. పైనున్నోళ్లకు బెల్టెందుకే? బతుకమ్మ ఆడనీకా?"

మల్లేష్ నవ్వాడు. నవత కూడా నవ్వింది. సమ్మయ్య నవ్వలేదు.

"రేపటికెల్లి పనికి రాకు," అన్నాడు వెంకటి.

"రాను. ఇయ్యాల మాత్రం లెవ్వ."

వాసన గేటు దాటింది. మల్లేష్‌కు ఒళ్లు మండింది.

"నీ పెండ్లాం బెల్టు కట్టుకోకపోతె గా కోపం మామీద తీస్తవేంది మామా? ఆమెకు సోయి లేకపాయె. మాకున్నది."

నవత మొగుడి చెయ్యి గిల్లింది. సమ్మయ్య తల ఎత్తాడు.

"అవ్. ఆమెకు సోయి లేదు. బెల్టు తెండ్రి."

వెంకటి తిట్టుకుంటూనే ఫోను చేశాడు. స్టోరు నుంచి బండి మీద రెండో బెల్టు వచ్చింది. ప్లాస్టిక్ కవరు కూడా విప్పనిది. నవత దాన్ని కట్టుకున్నాక సమ్మయ్య దాని తాడును పక్కనున్న ఇనుప స్తంభానికి ముడేశాడు. స్తంభానికి కాలు తన్నిపెట్టి, గుంజి చూశాడు.

"నాకెందుకు మామా? నేను దిగను గదా."

"దిగుతవు," అన్నాడు సమ్మయ్య.

మూత తీశారు. ఫ్యాను పెట్టి చాలాసేపు లోపలికి గాలి కొట్టారు. గ్యాసు మీటరు దించారు. అది కూత పెట్టలేదు. మల్లేష్ దిగాడు. తాడు నవత వేళ్ల మధ్య మెల్లగా జారి ఆగింది.

"ఏమయ్యో!" అని పిలిచింది నవత.

బావి మీదికి వంగింది.

"ఏమయ్యో, పలుకవేంది?"

లోపల నీళ్ల చప్పుడు కూడా లేదు. నవత చేతిలో తాడు వదిలేసింది. ఒక కాలు నిచ్చెన మెట్టు మీద పెట్టింది. రెండోది పెట్టబోయింది. నడుము దగ్గర బెల్టు వెనక్కి గుంజింది.

"గుడ్డలు పీకుతున్ననే! ఊకె ఒర్లకు!" అని కింది నుంచి కేక వచ్చింది.

నవత కాలు వెనక్కి తీసుకుంది. తాడు మళ్లీ అందుకుంది. తల తిప్పితే, సమ్మయ్య ఆమె పాదం వైపే చూస్తున్నాడు.

"మామా, గా రోజు అత్తకు బెల్టు లేకుండెనా? ఉండి గూడ కట్టుకోలేదా?"

సమ్మయ్యకు దగ్గు తెర వచ్చింది. అది తగ్గేదాకా ఆగాడు.

"ఇగ గా ముచ్చట తియ్యకు బిడ్డా," అన్నాడు.

రెబెకా దిగిన రోజు బావి అడుగున స్పృహ తప్పి పడి ఉన్నది తనేనని, అక్కడున్న ఒకే ఒక్క బెల్టు తన నడుముకే ఉందని సమ్మయ్య నవతకూ చెప్పలేదు, ఆ తర్వాత ఎవరికీ చెప్పలేదు.