నూకరత్నం కొత్త గొంతు

జబ్బుచేసి స్వరపేటిక తీసేశాక నూకరత్నం మెడకు మాట పలికించే గొంతుబిళ్ల పెట్టారు. కళ్లజోడులా అప్పటికి అది ఊరందరికీ అలవాటైన వస్తువే. ఆమె పాత రికార్డింగులు విని అచ్చం ఆ గొంతే బిళ్లలో పోశామన్నారు. తీరా నోరు విప్పితే, ఎవరో పరాయి మనిషి పలికినట్టయింది.

“ఇది నాది కాదు బాబూ!”

“నీ గొంతు ఇన్నాళ్లూ నీకు పుర్రె ఎముకల్లోంచి కూడా వినబడేదమ్మా. మిగతావాళ్లకి గాలిలోంచే కదా, ఇప్పుడు నీకూ అంతే,” అన్నాడు బిళ్లలు అమర్చేవాడు.

ఆమె నమ్మలేదు. చేపలరేవులో వేలం పాడించడమే ఆమె బతుకు. ఆమె కేక వింటేనే బేరగాళ్లు మూగేవారు. బిక్కుబిక్కుమంటూ రేవుకెళ్లి, “వంజరం గంపండోయ్!” అని అరిచింది.

అటు తిరిగి రొయ్యలు ఏరుతున్న తోడికోడలు తలైనా తిప్పలేదు.

“వచ్చీసినావేటే రత్నం? ఇన్నాళ్లూ మా చెవులు సుకంగా ఉండీవి!”

గుండె కుదుటపడిన నూకరత్నం కావాలనే ఆమె చెవి పక్కకెళ్లి ఇంకో కేక పెట్టింది.